రక్త పరీక్షతోనే సర్వైకల్ క్యాన్సర్ ముప్పు తెలుస్తుందా? ఆశ ఎంత, అసలు లెక్క ఎంత?

షుగర్ పరీక్షకు చేయి చాపినంత తేలిగ్గా క్యాన్సర్ పరీక్ష కూడా అయిపోతే ఎంత బాగుండు! సర్వైకల్ క్యాన్సర్, అంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మాట వచ్చినప్పుడు చాలామంది ఆడవాళ్ల మనసులో మెదిలేది ఇదే. పరీక్ష బల్ల ఎక్కే పని ఉండదు. లోపల ఉన్నది లేడీ డాక్టరేనా కాదా అన్న బెంగ ఉండదు. ‘నీకేమైందని ఆస్పత్రికి వెళ్లావు?’ అని అడిగేవాళ్లకు జవాబు చెప్పుకోవాల్సిన పనీ ఉండదు. రక్తం ఇచ్చి ఇంటికి వచ్చేయొచ్చు.

రక్తంలోని ప్రొటీన్లను కొలిచి, ముఖద్వారం దగ్గర కణాల్లో వచ్చే మార్పులను అవి క్యాన్సర్‌గా మారకముందే కనిపెట్టాలని శాస్త్రవేత్తలు చాలా ఏళ్లుగా ప్రయత్నిస్తున్నారు. పరిశోధన నిజమే, అవసరమూ నిజమే. కానీ ‘ఆ రక్త పరీక్ష ఎలాగూ వస్తోంది కదా, అప్పుడు చూద్దాం’ అని ఇవాళ చేతికందే పరీక్షను వాయిదా వేస్తే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఈ పరిశోధన ఎక్కడిదాకా వచ్చింది, ఎక్కడ ఆగింది అన్నది లెక్కలతో సహా తెలుసుకోవడం మంచిది.

ఏటా 80 వేల మంది

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 6.6 లక్షల మందికి ఈ క్యాన్సర్ వచ్చింది, 3.5 లక్షల మంది చనిపోయారు. ఒక్క భారతదేశంలోనే ఆ ఏడాది 1.27 లక్షల కొత్త కేసులు, దాదాపు 80 వేల మరణాలు ఉంటాయని అంచనా. అంటే ఈ జబ్బుతో ప్రపంచంలో చనిపోతున్న ప్రతి ఐదుగురిలో ఒకరు మన దేశపు మహిళే.

ఇది రాత్రికి రాత్రి వచ్చే జబ్బు కాదు. దీనికి దాదాపు అన్ని కేసుల్లోనూ కారణం హెచ్‌పీవీ అనే వైరస్. జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హాసెన్ ఈ సంబంధాన్ని నిరూపించి 2008లో నోబెల్ బహుమతి అందుకున్నారు. హెచ్‌పీవీలో చాలా రకాలున్నాయి. వాటిలో 16, 18 రకాలే దాదాపు 70 శాతం సర్వైకల్ క్యాన్సర్లకు కారణం. ఈ వైరస్ సోకిన చాలామందిలో ఒంటి నిరోధక శక్తే ఒకట్రెండేళ్లలో దాన్ని తుడిచేస్తుంది. కొద్దిమందిలో మాత్రం అది తిష్ట వేస్తుంది. ముఖద్వారపు పైపొరలో కణాలు మెల్లగా రూపు మారతాయి. డాక్టర్లు వీటినే ‘క్యాన్సర్‌కు ముందు దశ మార్పులు’ అంటారు. తీవ్రతను బట్టి సీఐఎన్-1, 2, 3 అని విభజిస్తారు. మొదటి రకం చాలావరకు దానంతట అదే తగ్గిపోతుంది. రెండు, మూడు రకాలను పట్టుకుని చికిత్స చేయాలి. సాధారణ ఆరోగ్యం ఉన్న మహిళలో వైరస్ సోకడం నుంచి క్యాన్సర్ దాకా రావడానికి 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది.

అంటే పట్టుకోవడానికి ఏళ్ల తరబడి సమయం దొరుకుతుంది. అయినా ఇన్ని చావులెందుకు? ఈ ముందు దశలో నొప్పి ఉండదు, రక్తస్రావం ఉండదు, అనుమానం రావడానికి ఏ గుర్తూ ఉండదు. పరీక్ష చేస్తే తప్ప తెలియదు. ఆ పరీక్షే జరగడం లేదు. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ల మహిళల్లో జీవితంలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 1.9 శాతమే. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ ఈ సంఖ్య 5 శాతం లోపే ఉంది.

రక్తం ఏం చెబుతుంది?

రక్తంలో ఈ క్యాన్సర్ ఆనవాళ్లు వెతకడం కొత్త ఆలోచన కాదు. జపాన్ శాస్త్రవేత్తలు 1977లోనే సర్వైకల్ క్యాన్సర్ కణితి నుంచి ఒక ప్రొటీన్‌ను వేరు చేశారు. ఇవాళ దాన్ని ఎస్‌సీసీ యాంటిజెన్ అంటున్నారు. చికిత్స తీసుకున్న రోగిలో జబ్బు తగ్గుతోందా, తిరగబెడుతోందా అని చూడటానికి డాక్టర్లు దీన్ని వాడతారు. కానీ ముందు దశ మార్పులున్న ఎక్కువ మందిలో ఇది పెరగదు. పైగా సోరియాసిస్ లాంటి చర్మవ్యాధి ఉన్నా, కిడ్నీలు దెబ్బతిన్నా క్యాన్సర్ లేకుండానే పెరగొచ్చు.

ఒక్క ప్రొటీన్ చాలకపోతే, చాలా ప్రొటీన్లను కలిపి చూస్తే? స్వీడన్‌లోని ఉప్సలా పరిశోధకులు ఈ దారి పట్టారు. చాలా కొద్ది రక్తంలోనే పదుల కొద్దీ ప్రొటీన్లను ఒకేసారి కొలిచే కొత్త పద్ధతిని వాడారు. 2019లో ప్రచురించిన వాళ్ల అధ్యయనం ఈ రంగంలో ఆశకూ, హెచ్చరికకూ రెండింటికీ మంచి ఉదాహరణ.

సర్వైకల్ క్యాన్సర్ ఉన్నట్టు తేలిన రోజుల్లో రోగుల నుంచి తీసిన రక్తాన్ని, సాధారణ మహిళల రక్తాన్ని పక్కపక్కన పెట్టి 100 ప్రొటీన్లను కొలిచారు. వాటిలో 80 ప్రొటీన్లు రోగుల్లో ఎక్కువగా ఉన్నాయి. అందులోంచి 11 ప్రొటీన్లను ఏరి ఒక జట్టుగా చేస్తే, 100 మంది రోగుల్లో 96 మందిని గుర్తించే ఫలితం వచ్చింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఒక్కరిని కూడా పొరపాటున రోగిగా చూపించలేదు. ఇక్కడితో ఆగి చదివితే ‘రక్త పరీక్ష వచ్చేసింది’ అనే అనిపిస్తుంది.

పరిశోధకులు అక్కడితో ఆగలేదు. అదే 11 ప్రొటీన్ల జట్టును వేరే మహిళల రక్తం మీద పరీక్షించారు. వీళ్లలో కొందరి రక్తం జబ్బు బయటపడక ముందు తీసింది, కొందరిది బయటపడినప్పుడు, మరికొందరిది చికిత్స తర్వాత. జబ్బు తేలిన నాటి రక్తాన్ని, అంతకు ముందు నాటి రక్తాన్ని వేరు చేయమంటే పట్టుకునే శక్తి 78 శాతానికి, పొరపాటు చేయకుండా ఉండే శక్తి 56 శాతానికి పడిపోయాయి. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. జబ్బు బయటపడక ముందు తీసిన రక్తానికీ, సాధారణ మహిళల రక్తానికీ ఆ ప్రొటీన్లలో తేడానే కనిపించలేదు. ఈ ప్రొటీన్లు ప్రధానంగా జబ్బు తేలే సమయానికి దగ్గర్లోనే పనికొస్తున్నాయని ఆ పరిశోధకులే నిజాయితీగా రాశారు.

సూటిగా చెప్పాలంటే, క్యాన్సర్ వచ్చాక రక్తం మాట్లాడుతోంది. రాకముందు మౌనంగా ఉంటోంది. ముందు దశను పట్టుకోవాల్సిన పరీక్షకు కావాల్సింది సరిగ్గా ఆ మౌనంలో ఉన్న సమాచారమే.

ఎందుకు ఇలా?

కారణం శరీర నిర్మాణంలోనే ఉంది. ముందు దశ మార్పులు ముఖద్వారపు పైపొరకే పరిమితమై ఉంటాయి. ఆ పొరలో రక్తనాళాలు ఉండవు. దాని కింద ఉండే సన్నని పొర గోడలా అడ్డం ఉంటుంది. మారిన కణాలు ఆ గోడను దాటి లోపలికి చొచ్చుకెళ్లినప్పుడే దాన్ని క్యాన్సర్ అంటారు. హెచ్‌పీవీ కూడా మామూలుగా రక్తంలోకి పాకే వైరస్ కాదు, పైపొరలోనే ఉండిపోతుంది. కొన్ని మిల్లీమీటర్ల మచ్చ నుంచి వచ్చే ప్రొటీన్ గుర్తును ఒంట్లోని నాలుగైదు లీటర్ల రక్తంలో వెతకాలి. అదీ జలుబు చేసినా, గర్భం వచ్చినా ప్రొటీన్లు అటూఇటూ మారిపోయే రక్తంలో.

అదే ప్రొటీన్లను మార్పు వచ్చిన చోటే వెతికితే ఫలితం వేరేలా ఉంటుంది. ముఖద్వారం నుంచి తీసిన కణాల్లో పీ16, కేఐ-67 అనే రెండు ప్రొటీన్లకు రంగు పట్టించి చూసే పరీక్షకు 2020లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. హెచ్‌పీవీ పాజిటివ్ వచ్చిన వాళ్లలో ఎవరిని వెంటనే లోతుగా పరీక్షించాలో తేల్చడానికి దీన్ని వాడుతున్నారు. అంటే ప్రొటీన్ల ఆలోచన తప్పు కాదు, వాటిని రక్తంలో దొరికించుకోవడమే కష్టమవుతోంది.

వెయ్యి మంది లెక్క

ఒకవేళ రేపు మంచి రక్త పరీక్షే వచ్చిందనుకుందాం. జబ్బున్న 100 మందిలో 90 మందిని పడుతుంది, జబ్బు లేని 100 మందిలో 90 మందిని ‘లేదు’ అని సరిగ్గా చెబుతుంది. వినడానికి బాగానే ఉంది. ఇప్పుడు ఒక బస్తీలో వెయ్యి మంది మహిళలకు ఆ పరీక్ష చేశారనుకుందాం. వాళ్లలో చికిత్స అవసరమైన మార్పులు ఉన్నవాళ్లు 10 మంది అనుకుంటే, పరీక్ష తొమ్మిది మందిని పట్టుకుంటుంది. మిగతా 990 మందిలో పది శాతం, అంటే 99 మందికి కూడా పొరపాటున ‘అనుమానం’ అని రిపోర్టు వస్తుంది. మొత్తం 108 మంది చేతిలో భయపెట్టే కాగితం. అందులో నిజంగా జబ్బు ఉన్నది తొమ్మిది మందికే.

ఆ మిగతా 99 మంది సంగతేంటి? ఈ ప్రశ్న తెలుగు రాష్ట్రాల్లో చాలా బరువైనది. గర్భసంచి తీసేసే ఆపరేషన్లు దేశంలోనే ఎక్కువగా జరుగుతున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయని జాతీయ సర్వేలు వరుసగా చెబుతున్నాయి. ‘తీసేయకపోతే క్యాన్సర్ అవుతుంది’ అన్న ఒక్క మాటతో చిన్న వయసులోనే ఆపరేషన్ బల్ల ఎక్కిన వాళ్లు ఉన్నారు. అలాంటి చోట తప్పుడు అనుమానం రాసిన రక్తం రిపోర్టు ఒకటి చేతికొస్తే ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు.

దీనికి తోడు ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీల్లో సీఏ-125 లాంటి ట్యూమర్ మార్కర్ పరీక్షలు కలిపి అమ్మడం మామూలైంది. సీఏ-125 ప్రధానంగా అండాశయ క్యాన్సర్ రోగుల చికిత్సలో వాడేది. నెలసరి సమయంలో, గర్భంతో ఉన్నప్పుడు కూడా ఇది పెరగొచ్చు. అది నార్మల్ వచ్చినంత మాత్రాన సర్వైకల్ క్యాన్సర్ పరీక్ష అయిపోయినట్టు కాదు. ‘అమ్మీకి అన్ని టెస్టులూ చేయించాం, క్యాన్సర్ కూడా లేదన్నారు’ అని ధీమాగా ఉండే పిల్లలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పరీక్ష ఇవాళే ఉంది

రక్త పరీక్ష కోసం ఆశపడటానికి అసలు కారణం సైన్స్ కాదు, మొహమాటం. షరమ్, పర్దా, లేడీ డాక్టర్ దొరకకపోవడం, కూలి పని పోతుందన్న భయం. ఇవన్నీ నిజమైన అడ్డంకులే, వీటిని తేలిగ్గా తీసిపారేయకూడదు. అయితే ఈ అడ్డంకులను చాలావరకు దాటించే పరీక్ష ఇప్పటికే ఉంది. అదే హెచ్‌పీవీ పరీక్ష, అందులోనూ మహిళ తన నమూనా తానే తీసుకునే పద్ధతి.

దీనికి పరీక్ష బల్ల అక్కర్లేదు. తలుపు వేసుకుని, ఇచ్చిన మెత్తటి బ్రష్‌నో స్వాబ్‌నో యోనిలోకి పెట్టి కొన్నిసార్లు తిప్పి, ట్యూబులో వేసి ఇస్తే చాలు. కరోనా కాలంలో ముక్కులో స్వాబ్ పెట్టి నమూనా తీసిన తీరు అందరికీ గుర్తే, ల్యాబ్‌లో జరిగేది కూడా దాదాపు అదే పని. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన 2021 మార్గదర్శకాల్లో హెచ్‌పీవీ పరీక్షకే మొదటి స్థానం ఇచ్చింది, నమూనా తానే తీసుకోవడాన్నీ అంగీకరించింది. మామూలు మహిళలు 30 ఏళ్ల నుంచి ఐదు నుంచి పదేళ్లకు ఒకసారి చేయించుకుంటే చాలంది. హెచ్ఐవీ ఉన్నవాళ్లు మాత్రం 25 ఏళ్లకే మొదలుపెట్టి, మూడు నుంచి ఐదేళ్లకోసారి చేయించుకోవాలి. ఆస్ట్రేలియా 2022 జూలై నుంచి స్క్రీనింగ్‌కు అర్హులైన మహిళలందరికీ ఈ అవకాశం ఇచ్చింది. మలేసియాలో మహిళ ఆరోగ్య కేంద్రంలో తానే నమూనా తీసుకుని ఇస్తే, ఫలితం ఫోన్‌కే వచ్చే పథకం 2018లో ప్రయోగాత్మకంగా మొదలైంది. తుర్కియే 2014 నుంచే 30 నుంచి 65 ఏళ్ల మహిళలకు ఐదేళ్లకోసారి హెచ్‌పీవీ పరీక్ష చేస్తోంది. ముస్లిం కుటుంబాలు ఎక్కువగా ఉన్న దేశాల్లో సాధ్యమైనది ఇక్కడ సాధ్యం కాకపోవడానికి కారణం లేదు.

ఈ పరీక్ష ప్రాణాలు కాపాడుతుందని ప్రపంచానికి చూపించింది కూడా దక్కన్ గడ్డే. ఒకప్పుడు నిజాం సంస్థానంలో భాగమైన ఉస్మానాబాద్ జిల్లాలో (ఇప్పుడు మహారాష్ట్రలోని ధారాశివ్) 30 నుంచి 59 ఏళ్ల 1,31,746 మంది గ్రామీణ మహిళలతో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. ఫలితాలు 2009లో వెలువడ్డాయి. ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష అందిన బృందంలో, ఏ స్క్రీనింగ్ లేని బృందంతో పోలిస్తే ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. నెగటివ్ వచ్చిన వాళ్లకు తర్వాతి ఏళ్లలో క్యాన్సర్ రావడం కూడా, మిగతా పరీక్షల్లో నెగటివ్ వచ్చిన వాళ్లతో పోలిస్తే దాదాపు నాలుగో వంతే. ‘నెగటివ్’ అన్న మాటకు అంత విలువ ఉండబట్టే ఐదేళ్లు నిశ్చింతగా ఉండొచ్చంటున్నారు. రక్తపు ప్రొటీన్ పరీక్ష ఏదైనా రేపు రావాలంటే ఈ కొలబద్ద ముందు నిలబడాలి.

మన దేశంలో ప్రభుత్వ పద్ధతి ఇంకా వేరు. 2016 మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల మహిళలకు ఐదేళ్లకోసారి వీఐఏ అనే పరీక్ష చేయాలి. ముఖద్వారానికి పల్చటి ఎసిటిక్ యాసిడ్ రాసి, నిమిషం తర్వాత తెల్లగా మారిన మచ్చ ఉందేమో కంటితో చూస్తారు. ఖర్చు తక్కువ, ఫలితం అక్కడికక్కడే తెలుస్తుంది. ముంబైలో టాటా మెమోరియల్ ఆస్పత్రి చేసిన అధ్యయనంలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు చేసిన ఈ పరీక్షతోనే మరణాలు 31 శాతం తగ్గాయి. అంటే హెచ్‌పీవీ పరీక్ష దొరకని చోట వీఐఏ అయినా చేయించుకోవడం, ఏదీ చేయించుకోకపోవడం కంటే ఎన్నో రెట్లు మేలు. తెలంగాణలో 2023 మార్చిలో మొదలైన ‘ఆరోగ్య మహిళ’ క్లినిక్‌ల సేవల్లో క్యాన్సర్ స్క్రీనింగ్ కూడా ఒకటి. పీహెచ్‌సీలో, బస్తీ దవాఖానాలో ఏఎన్ఎంను అడిగితే ఎక్కడ, ఏ రోజు పరీక్ష చేస్తారో చెబుతారు.

పాజిటివ్ వస్తే?

ఇక్కడే అసలు భయం. హెచ్‌పీవీ ఉందనగానే ‘ఇది ఎక్కడి నుంచి వచ్చింది?’ అన్న అనుమానం ఇంట్లో చిచ్చు పెట్టగలదు. నిజానికి లైంగిక జీవితం మొదలైన వాళ్లలో ఎక్కువ మందికి ఎప్పుడో ఒకప్పుడు సోకే వైరస్ ఇది. ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండగలదు. భార్యాభర్తల్లో ఎవరి నుంచి ఎవరికి, ఎప్పుడు వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. కాబట్టి పాజిటివ్ రిపోర్టు ఎవరి నడవడికకూ సర్టిఫికెట్ కాదు. ఈ మాట ఆడవాళ్ల కంటే ముందు ఇంట్లో మగవాళ్లకు తెలియాలి.

పాజిటివ్ అంటే క్యాన్సర్ కూడా కాదు. తర్వాతి పరీక్షలో మార్పులు కనిపిస్తే, చాలామందికి ఆ మచ్చను వేడితోనో చల్లదనంతోనో కాల్చేసే చిన్న చికిత్స సరిపోతుంది. కొందరికి ఆ భాగాన్ని మాత్రమే తీసేస్తారు. ముందు దశ మార్పులున్నాయని చెప్పి నేరుగా గర్భసంచి తీసేద్దామంటే, ఇంకో డాక్టర్ అభిప్రాయం తీసుకోకుండా సంతకం పెట్టకూడదు.

నమ్మకం కూడా చికిత్సే

ప్రభుత్వాలు గుర్తుంచుకోవాల్సిన పాఠం ఖమ్మం జిల్లాలో ఉంది. 2009-10లో అక్కడ ఒక ప్రాజెక్టు కింద వేలాది బాలికలకు హెచ్‌పీవీ టీకా వేశారు. చాలాచోట్ల తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లే అంగీకార పత్రాల మీద సంతకాలు పెట్టారు. కొందరు బాలికల మరణాల తర్వాత 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగిపోయింది. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ అనుమతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటరీ కమిటీ తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే అయినా, అడగకుండా వేస్తే నమ్మకం పోతుందని ఆ ఘటన చూపించింది.

స్క్రీనింగ్‌కూ ఇదే వర్తిస్తుంది. ఉర్దూలో, తెలుగులో అర్థమయ్యేలా చెప్పే ఆరోగ్య కార్యకర్త, మహిళా సిబ్బంది, నమూనా తానే తీసుకునే కిట్, ఫలితం గోప్యంగా ఉంచే ఏర్పాటు, పాజిటివ్ వస్తే ఎక్కడికి వెళ్లాలో రాసిచ్చే కాగితం. ఈ ఐదూ ఉంటే పరీక్షకు వచ్చేవాళ్ల సంఖ్య పెరుగుతుంది. ఇవేవీ లేకపోతే రేపు రక్త పరీక్షే వచ్చినా పాజిటివ్ వచ్చిన మహిళ మళ్లీ ఆ పరీక్ష బల్ల దగ్గరికే రావాలి. రక్తం అనుమానం మాత్రమే చెప్పగలదు, మచ్చ ఎక్కడుందో చూసి తీసేయాల్సింది డాక్టరే.

పరిశోధన ఆగకూడదు. ఎప్పటికైనా హెచ్‌పీవీ పాజిటివ్ వచ్చిన వాళ్లలో ఎవరికి ముప్పు ఎక్కువో వేరు చేయడానికి రక్తపు ప్రొటీన్లు సాయపడొచ్చు. అప్పటిదాకా 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లకు టీకా గురించి డాక్టర్‌ను అడగాలి. 30 దాటిన అమ్మీ, ఖాలా, ఫుప్పూ, ఆపా ఒక్కసారైనా ముఖద్వార పరీక్ష చేయించుకోవాలి. నెలసరి ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపించినా, కలయిక తర్వాత రక్తం వచ్చినా, దుర్వాసనతో తెల్లబట్ట అవుతున్నా స్క్రీనింగ్ క్యాంపు కోసం ఎదురుచూడకుండా నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. రాబోయే పరీక్ష ఎప్పుడొస్తుందో ఎవరూ తేదీ చెప్పలేరు. దగ్గర్లోని ఆస్పత్రిలో పరీక్ష చేసే రోజు ఏదో మాత్రం ఇవాళే ఏఎన్ఎంను అడిగి తెలుసుకోవచ్చు.